పందుల కాపరి దారిలో: ఇథాకా ప్రయాణం

బుధవారం

ఏథెన్స్ ఎయిర్‌పోర్టులో అద్దెకారు తాళాలు చేతికొచ్చేసరికి పొద్దెక్కిపోయింది. అక్కా బావా స్టుట్‌గార్ట్ నుంచి వచ్చారు, నేను హైదరాబాద్ నుంచి. బావకి సముద్రం కావాలి, అక్కకి కొన్నాళ్లు వంటింటి మొహం చూడకుండా ఉండాలి, నాకు గ్రీకు కవి హోమర్ 'ఒడిస్సీ' కావ్యంలో రాజు ఒడిస్సియస్ ఇరవై ఏళ్ల తర్వాత తిరిగొచ్చిన సొంత దీవి ఇథాకా చూడాలి. మూడూ ఒకే దీవిలో కుదురుతాయని వాళ్లని ఒప్పించాను.

కోరింత్ కాలువ దాటాక బావ అడిగాడు. "ఏవమ్మా, ఆ ఒంటికన్ను రాక్షసుడు ఉండేది మనం వెళ్లే దీవిలోనేనా?"

కాదు. ఒడిస్సీ అనగానే అందరికీ గుర్తొచ్చేవి ఆ రాక్షసుడు పోలిఫెమస్, మనుషుల్ని పందులుగా మార్చిన సర్సీ, పాటతో ఓడల్ని ముంచే సైరెన్లు, ఏడేళ్లు కదలనివ్వని కాలిప్సో. ప్రాచీన గ్రీకులు ఈ వింతల్లో చాలావాటిని పడమటి సముద్రాల్లో, సిసిలీ చుట్టుపక్కల ఊహించుకున్నారు. హోమర్ కావ్యం మొత్తం 24 భాగాలు. ఒడిస్సియస్ తన సాహసాలు చెప్పుకునేది 9 నుంచి 12 దాకా, అంటే నాలుగే నాలుగు భాగాల్లో. దారిలో ఆశ్రయమిచ్చిన ఫయాషియన్ల రాజు అల్కినోస్ కొలువులో కూర్చుని, కడుపునిండా తిని, తన కథ తానే చెబుతాడు. అబద్ధాలాడడంలో ఆయనంత మొనగాడు కావ్యంలో ఇంకొకడు లేడు కాబట్టి ఎంత నమ్మాలో మన ఇష్టం.

13వ భాగం మొదట్లోనే ఇంటి గట్టెక్కేస్తాడు. పదేళ్ల ట్రాయ్ యుద్ధం, పదేళ్ల తిరుగుడు అయిపోయి కూడా కావ్యం సగమే అయింది! మిగిలిన సగం దాదాపుగా ఈ చిన్న దీవి మీదే, పందుల, మేకల, ముసలి దాసీల మధ్య నడుస్తుంది. నాకు చూడాలని ఉన్నది ఆ సగాన్ని.

పాత్రాస్ దగ్గర సముద్రం మీద రియో-ఆంటిరియో వంతెన కనిపిస్తే బావ కారు పక్కకి తీసి ఫొటోలు తీసుకున్నాడు. 2004లో తెరిచారు, పొడవు మూడు కిలోమీటర్లకి కాస్త తక్కువ. ఆ ఫొటోల పుణ్యమా అని ఓడ అందుతుందో లేదోనని టెన్షన్ పడ్డాం గానీ అందింది. కెఫలోనియా దీవిలోని సామి రేవులో దిగి, ఇంకో ఓడెక్కి అరగంటలో ఇథాకా పడమటి తీరాన ఉన్న పిసయెటోస్ చేరాం. రేవంటే ఒక సిమెంటు గట్టు, ఒక చిన్న కొట్టు. ఊరు లేదు. కొండ మొదలైపోయింది.

ఒడిస్సియస్ ఇక్కడికి నిద్రలో వచ్చాడు. ఫయాషియన్లు రాత్రంతా తెడ్లు వేసి తెచ్చి, దుప్పటితో సహా ఎత్తి ఇసుక మీద పడుకోబెట్టి, కానుకలన్నీ ఆలివ్ చెట్టు కింద పేర్చి వెళ్లిపోయారు. తీరా నిద్ర లేచాక చూస్తే అది తన దేశమేనని గుర్తుపట్టలేదు, ఎథీనా దేవత పొగమంచు కప్పేసింది. "అయ్యో, మళ్లీ ఎవరి దేశంలో వచ్చి పడ్డానురా" అని ఏడ్చి, ఆ వెంటనే కానుకలు లెక్కపెట్టుకున్నాడు. ఆ లెక్కపెట్టడం నాకు భలే నచ్చుతుంది.

గురువారం

మేం దిగింది వాథీలో. దీవికి ముఖ్యపట్నం అన్నమాటే గానీ ఒక పెద్ద పల్లెటూరు. మొత్తం దీవిలోనే జనం 3 వేల లోపు. సముద్రం గుర్రపు లాడం ఆకారంలో లోపలికి చొచ్చుకొచ్చింది, దాని చుట్టూ ఇళ్లు. మధ్యలో లజరెట్టో అనే బుల్లి దీవి, ఒకప్పుడు బయటి ఓడల వాళ్లని అంటురోగాల భయంతో ఆపి ఉంచేవాళ్లట. ఇళ్లు చూడ్డానికి పాతవాటిలా ఉన్నా చాలామటుకు 1953 ఆగస్టు తర్వాత కట్టినవే. ఆ నెల వచ్చిన భూకంపాలు కెఫలోనియా, ఇథాకా, జకింతోస్ మూడింటినీ నేలమట్టం చేశాయి. ఆ తర్వాత చాలా కుటుంబాలు ఆస్ట్రేలియాకీ దక్షిణాఫ్రికాకీ వలస పోయాయి.

మా గెస్ట్‌హౌస్ పెద్దాయన అలా వెళ్లి తిరిగొచ్చినవాడే. ఆయన ఇంగ్లీషులో ఆస్ట్రేలియా యాస ఎంత గట్టిగా ఉందంటే, బావ మొదట ఆయన్ని టూరిస్టు అనుకున్నాడు. పొద్దున్నే రోవాని అనే తీపి పెట్టాడు. బియ్యం, తేనె, ఆలివ్ నూనె, లవంగాలతో చేస్తారు. అక్క ఒక ముక్క నోట్లో వేసుకుని "అచ్చం మన అరిసెల పిండి ఓవెన్లో పెట్టినట్టుందే" అంది. శాకాహారం గురించి అనవసరంగా భయపడ్డాం. టొమాటోలో ఉడికించిన పెద్ద చిక్కుడు గింజలు, పాలకూర పై, నూనెలో మగ్గబెట్టిన బెండకాయలు ఎక్కడికెళ్లినా ఉన్నాయి.

తర్వాత డెక్సియా. వాథీకి పడమరగా ఉన్న చిన్న అఖాతం. ఒడిస్సియస్‌ని ఫయాషియన్లు దించిన ఫోర్కిస్ రేవు ఇదేనని ఇక్కడివాళ్లు చెబుతారు. రెండు పక్కలా కొండకొమ్ములు, లోపల కదలని నీళ్లు. హోమర్ కూడా ఇలాగే అంటాడు, లోపలికొచ్చిన ఓడని కట్టెయ్యక్కర్లేదని. గట్టు వెంబడి ఆలివ్ చెట్లున్నాయి. బావ ఈతకి దిగిపోయాడు. అక్క నీడ చూసుకుని పడుకుంది. నేను పుస్తకం తీసి ఆ వంద లైన్లూ అక్కడే చదివాను.

ఇబ్బంది వచ్చేది గుహ దగ్గర. రేవు పక్కనే వనదేవతల గుహ ఉందని హోమర్ రాశాడు. అందులో రాతి మగ్గాలు, రాతి కూజాల్లో తేనెపట్లు. గుహకి రెండు ద్వారాలు, ఉత్తరాన ఉన్నది మనుషులకి, దక్షిణాన ఉన్నది దేవతలకి. ఒడిస్సియస్, ఎథీనా కలిసి కానుకలన్నీ మోసి అందులోనే దాచారు. ఇప్పుడు ఆ పేరుతో చూపించే మర్మరోస్పిలియా గుహ డెక్సియా పైన, కొండమీద, రెండు కిలోమీటర్లకి పైగా దూరంలో ఉంది. మనుషులు దూరడానికి ఒక ఇరుకు సందు, పైకప్పులో ఒక కన్నం, అంటే రెండు ద్వారాల లెక్క సరిపోయింది. కానీ కంచు పాత్రలూ బంగారమూ బట్టల మూటలూ ఎత్తుకుని ఇద్దరూ ఈ ఎక్కుడు ఎక్కారంటే, ఒకరు దేవతైనా సరే, నాకు నమ్మబుద్ధి కాలేదు. మేం వెళ్లినప్పుడు ఇనప గేటుకి తాళం వేసి ఉంది. ఊచల్లోంచి చూస్తే చీకటి, చల్లగాలి, అంతే.

శుక్రవారం

ఈ ప్రయాణంలో నేను దేనికోసం వచ్చానో ఆ రోజు ఇదే. దక్షిణం వైపు వెళ్లే రోడ్డు మీద ఒకచోట బోర్డు ఉంటుంది, అరెథూసా ఊట అని. అక్కడ కారు ఆపి కాలిబాట పట్టాలి. ఎర్రమట్టి, గుండ్రాళ్లు, మోకాళ్ల ఎత్తున ముళ్లపొదలు, కింద ఎక్కడో నీలంగా సముద్రం. నీడ లేదు. మే నెలాఖరుకే ఎండ మాడ్చేస్తోంది. నీళ్ల సీసాలు పట్టుకెళ్లండి, చెప్పులతో కాదు, బూట్లతో వెళ్లండి.

బాట చివర నిట్టనిలువు కొండచరియ, దాని పేరు కోరాక్స్. దాని కింద లోయలో అరెథూసా ఊట. నిరాశ పడేవాళ్లు పడొచ్చు. బండ కింద చిన్న తొట్టిలాంటి గుంట, అందులో అడుగున కాసిని నీళ్లు. కానీ హోమర్ ఈ రెండు పేర్లూ కలిపే చెప్పాడు. ఎథీనా ఒడిస్సియస్‌తో అంటుంది, ముందు ఇంటికి వెళ్లకు, నీ పందుల కాపరి దగ్గరికి వెళ్లు, కోరాక్స్ బండ దగ్గర అరెథూసా ఊట పక్కన పందులు మేస్తుంటాయి, ఓక్ చెట్ల గింజలు తిని నల్లటి నీళ్లు తాగుతుంటాయి అని.

ఆ కాపరి పేరు యూమేయస్. నన్నడిగితే కావ్యంలో అందరికన్నా పెద్దమనిషి ఆయనే. కొండమీద రాళ్లు మోసుకొచ్చి, పైన ముళ్లకంప పేర్చి, యజమాని లేకపోయినా, ఎవరూ చెప్పకపోయినా దొడ్డి కట్టాడు. లోపల 12 కొట్టాలు, ఒక్కోదాంట్లో 50 ఆడపందులు. బయట పడుకునే మగవి 360. అవి తక్కువెందుకంటే ఒడిస్సియస్ ఇక రాడనుకుని ఆయన భార్య పెనెలోపిని పెళ్లాడతామని వచ్చి కూర్చున్న 108 మంది రోజూ కోయించుకు తినేస్తున్నారు. ఈ లెక్కలన్నీ హోమర్ చెప్పినవే. సముద్రంలో దారి చెప్పేటప్పుడు ఆయన ఇంత కచ్చితంగా ఉండడు.

ముసలి బిచ్చగాడి వేషంలో ఒడిస్సియస్ దొడ్డి దగ్గరికి రాగానే నాలుగు కుక్కలు మీదకి దూకుతాయి. ఆయన చేతిలో కర్ర వదిలేసి నేలమీద కూర్చుంటాడు. పల్లెటూళ్లలో కుక్కలు ఎగబడితే పెద్దవాళ్లు ఇప్పటికీ ఇదే చెబుతారు, పరిగెత్తకు, కూర్చో అని. యూమేయస్ పరిగెత్తుకొచ్చి వాటిని తోలి, ఎవరో ఏమిటో అడక్కుండా ముందు అన్నం పెడతాడు. అప్పుడు తెలుస్తుంది ఆయన కథ: సిరియే అనే దీవికి రాజు కొడుకు. పసివాడిగా ఉన్నప్పుడు దాది ఎత్తుకుపోయి ఫినీషియా వర్తకుల ఓడెక్కించింది, వాళ్లు ఇథాకాలో లేయర్టీస్‌కి అమ్మేశారు. లేయర్టీస్ అంటే ఒడిస్సియస్ తండ్రి. రాజు బిచ్చగాడి వేషం వేశాడు, ఎదురుగా ఉన్న బానిసేమో నిజంగా రాజకుమారుడు. హోమర్ ఈ సంగతి మీద పెద్దగా వ్యాఖ్యానం చెయ్యడు. కానీ యూమేయస్ మాట్లాడేటప్పుడు చాలాసార్లు కవి ఆయన వైపు తిరిగి "అప్పుడు నువ్విలా బదులు చెప్పావు, యూమేయస్" అని నేరుగా పలకరిస్తాడు. ఒడిస్సీలో ఇంకెవరికీ ఆ గౌరవం దక్కలేదు.

అక్క ఊట దగ్గరికి రాలేదు, సగం దారిలో రాయి మీద కూర్చుండిపోయింది. తిరిగి వచ్చేటప్పుడు మేకలు మా బాటకి అడ్డం పడ్డాయి, మెళ్లో గంటలు. పందులు ఒక్కటీ కనబడలేదు. నాలుగో భాగంలో స్పార్టా రాజు మెనెలాస్ గుర్రాలిస్తానంటే ఒడిస్సియస్ కొడుకు టెలిమాకస్ వద్దంటాడు. మా దీవిలో పరిగెత్తించడానికి మైదానాలెక్కడివి, అది మేకలు మేసే చోటు, అయినా నాకు అదే ఇష్టం అంటాడు. ఈ బాట మీద నడిస్తే ఆ కుర్రాడి మాట అబద్ధమని ఎవరూ అనరు.

దీవి దక్షిణపు కొసకి చూపిస్తూ బావకి ఇంకో సంగతి చెప్పాను. టెలిమాకస్ పైలోస్ నుంచి వస్తుంటే దారిలో కాపుకాసి చంపాలని పెనెలోపి కోసం వచ్చిన పెళ్లికొడుకులు చూస్తారు. ఎథీనా అతనికి చెబుతుంది, ఇథాకాలో మొదట తగిలే తీరంలోనే దిగిపో, ఓడని ఊళ్లోకి పంపించి నువ్వు కాపరి దగ్గరికి వెళ్లు అని. పైలోస్ దక్షిణాన ఉంది. అక్కణ్నుంచి వచ్చేవాడికి మొదట తగిలేది ఈ కొసే. తండ్రీ కొడుకూ ఒకరినొకరు గుర్తుపట్టి ఏడ్చింది కాపరి గుడిసెలోనే. బావ "ఇది మాత్రం కుదిరింది" అన్నాడు, కోర్టులో సాక్ష్యం విన్నవాడిలా.

శనివారం

ఉత్తరానికి. దీవి రెండు ముక్కలు, మధ్యలో సన్నటి నడుములాంటి నేల, అక్కడే ఏటోస్ కొండ. 1868లో హైన్రిష్ ష్లీమన్ అనే జర్మన్ వ్యాపారి హోమర్ కథల ఆనవాళ్ల కోసం ఈ కొండమీద తవ్వించాడు. కొన్ని బూడిద కుండలు దొరికితే, ఇవి ఒడిస్సియస్ పెనెలోపిల అస్థికలే అయ్యుండొచ్చని సంబరపడిపోయాడు. తర్వాత ట్రాయ్‌లో పేరు తెచ్చుకున్నది కూడా ఈ దూకుడుతోనే. ఏటోస్ మీది గోడలు హోమర్ చెప్పిన కాలానివి కావు.

అక్కణ్నుంచి నీరితోస్ కొండమీద పాములా మెలికలు తిరిగే రోడ్డు. 800 మీటర్లు దాటే ఈ కొండని హోమర్ కూడా పేరుపెట్టి చెప్పాడు, ఆకులు కదలాడే కొండ అని. ఇప్పుడు ఆకులకన్నా రాళ్లే ఎక్కువ. పైన కథరోన్ మఠం, అనోగి పల్లె, చెట్టంత ఎత్తు నిలువు రాళ్లు చూసుకుంటూ వెళ్లాం. మలుపు మలుపుకీ అక్క కళ్లు మూసుకుంది.

స్తావ్రోస్ ఊరి పార్కులో గడ్డం, టోపీతో ఒడిస్సియస్ తల విగ్రహం ఉంది. పక్కనే పెలికాటా అనే గుట్ట. ఇక్కడ నిలబడితే మూడు పక్కలా మూడు అఖాతాలు కనిపిస్తాయి. 1930ల్లో బ్రిటిష్ పురావస్తు బృందం ఇక్కడ తవ్వింది. చాలా పాతకాలపు ఆవాసం బయటపడింది గానీ రాజభవనం మాత్రం దొరకలేదు.

దొరికినవి కింద పోలిస్ అఖాతంలో. అక్కడ లోయిజోస్ గుహ ఉండేది, పైకప్పు ఎప్పుడో కూలిపోయింది. సిల్వియా బెంటన్ అనే పరిశోధకురాలు గుహలోకి ఊరుతున్న నీళ్లతో కుస్తీ పడుతూ తవ్వించారు. మూడుకాళ్ల పెద్ద కంచు పాత్రల ముక్కలు దొరికాయి, క్రీ.పూ. 9, 8 శతాబ్దాల నాటివి. అంతకుముందు ఆ స్థలం యజమానికి దొరికినదాంతో కలిపి 13 అని లెక్క తేల్చారు. 13వ భాగంలో అల్కినోస్, ఆయన కింది 12 మంది రాజులు తలా ఒక మూడుకాళ్ల పాత్ర ఇచ్చారు కదా, ఆ లెక్క సరిపోయిందని పత్రికలు గంతులేశాయి. ఒడిస్సియస్ బతికాడనుకునే కాలానికీ ఈ పాత్రలకీ మూడు నాలుగు వందల ఏళ్ల తేడా ఉంది, అవి ఆయన మోసుకొచ్చినవి కావు. హోమర్ ఈ గుహలో ఉన్నవాటి గురించి విని లెక్క పెట్టాడా, లేక కావ్యం విన్నవాళ్లు తర్వాత తెచ్చి పెట్టారా అన్నదే అసలు ప్రశ్న.

నాకు పాత్రలకన్నా ఇంకోటి ముఖ్యం. స్తావ్రోస్ మ్యూజియం ఒకే గది. అందులో మట్టి ముఖం ముక్క ఒకటి ఉంది, అరచేతిలో పట్టేంత. క్రీ.పూ. 2 లేదా 1వ శతాబ్దానిది. దానిమీద గ్రీకులో గీకి ఉంది: ఒడిస్సియస్‌కి మొక్కుబడి. ఎవరో మనిషి, పేరు కూడా పూర్తిగా మిగల్లేదు, ఏదో కోరిక తీరితే ఇస్తానని మొక్కుకుని తెచ్చి ఇచ్చాడు. ఈ దీవి వాళ్లకి ఒడిస్సియస్ కథలో మనిషి మాత్రమే కాదు, మొక్కుకోదగ్గ వీరుడు. 2025లో గ్రీస్ సాంస్కృతిక శాఖ మరో ప్రకటన చేసింది, పైన ఊరికి ఉత్తరాన 'హోమర్ బడి' అని పిలిచే శిథిలాల దగ్గర ఒడిస్సియస్ పేరు చెక్కిన పెంకులు దొరికాయని, అది ఆయన గుడే అయ్యుంటుందని. అలాంటి గుడి ఒకటుందని క్రీ.పూ. 3వ శతాబ్దం చివర ఇథాకా వాళ్లు ఆసియా మైనర్‌లోని మెగ్నీషియా నగరానికి పంపిన తీర్మానంలో రాసుకున్నారు కూడా.

శిథిలాల దగ్గర కోసిన రాళ్లతో కట్టిన గోడ, మెట్లు, చుట్టూ ఆలివ్, బాదం చెట్లు. తవ్వకాలు జరుగుతున్న చోట తాళ్లు కట్టారు. ఒడిస్సియస్ రాజభవనం ఇదేననుకుంటే మాత్రం నాకో చిక్కు కనిపించింది. నిన్నటి ఊట దీవికి దక్షిణపు కొస, ఇది ఉత్తరపు కొస. 16వ భాగంలో యూమేయస్ పొద్దున బయల్దేరి పెనెలోపికి కబురు చెప్పి సాయంత్రానికి గుడిసెకి తిరిగొచ్చేస్తాడు. ఈ కొండరోడ్డు మీద మాకు కార్లోనే ఒక పూట పట్టింది. మర్నాడు ఒడిస్సియస్‌తో కలిసి అదే దారిలో బాగా పొద్దుపోయాక బయల్దేరి భోజనాల వేళకి చేరతాడు. కొండజాతి మనుషులు గట్టిగానే నడుస్తారు, నిజమే. అయినా పందుల దొడ్డో భవనమో రెండింట్లో ఒకదాన్ని జరపక తప్పదు. దొడ్డిని జరపడానికి నేను ఒప్పుకోను.

ఆ నడక చివర్లోనే ఆర్గోస్ ఉంది. ఒడిస్సియస్ పెంచిన వేటకుక్క. గుమ్మం ముందు పెంటకుప్ప మీద, ఒళ్లంతా గోమార్లతో పడుంది. ఇరవై ఏళ్ల తర్వాత యజమానిని గుర్తుపట్టి తోకాడించి చెవులు వాల్చింది, లేచి దగ్గరికి రాలేకపోయింది. పలకరిస్తే వేషం బయటపడుతుందని ఆయన మొహం తిప్పుకుని యూమేయస్‌కి కనబడకుండా కన్నీళ్లు తుడుచుకున్నాడు. కుక్క చచ్చిపోయింది. అక్క కారులో ఇది విని కాసేపు ఎవరితోనూ మాట్లాడలేదు. వాళ్లింట్లోనూ ఒక ముసలి కుక్క ఉంది, పక్కింటివాళ్లకి అప్పగించి వచ్చింది.

కిందికి దిగి ఫ్రీకెస్ రేవులో తిన్నాం. బావ వింటి సంగతి అడిగాడు. ఒడిస్సియస్ విల్లు ఎక్కుపెట్టినవాడినే పెళ్లాడతానని పెనెలోపి పెట్టిన పోటీ వినగానే మనకి శివధనుస్సు గుర్తొస్తుంది గానీ, ఇక్కడ విల్లు వంచేవాడు పెళ్లికొడుకు కాడు, అప్పటికే మొగుడు. ఆ తర్వాత కూడా ఆవిడ నమ్మదు. మంచం బయట వెయ్యమని దాసి యూరిక్లియాకి చెబుతుంది. అది కదిలే మంచం కాదు, నేలలో వేరున్న ఆలివ్ చెట్టు మొద్దునే కోడుగా చెక్కి కట్టినది. ఎవడు కోశాడు నా మంచాన్ని అని ఒడిస్సియస్ మండిపడగానే ఆవిడకి నమ్మకం కుదురుతుంది. అందరికీ అబద్ధాలు చెప్పి నెగ్గుకొచ్చినవాడిని ఒక్క అబద్ధంతో పట్టేసింది. "వాళ్లిద్దరూ సరైన జోడీ" అంది అక్క.

ఆదివారం

పొద్దున్న ఓడలో సామి, అక్కణ్నుంచి కొండదాటి ఆర్గోస్తోలి. బావ పట్టుబట్టి అక్కడి ఫెర్రీ మీద లిక్సూరికి తీసుకెళ్లాడు, ఎందుకంటే నిన్న రాత్రి ఫోన్లో చదివేశాడు: అసలు ఇథాకా ఇది కాదట.

ఈ వాదనకి కారణం హోమరే. 9వ భాగంలో ఒడిస్సియస్ తన దీవి పల్లంగా ఉంటుందనీ, చుట్టుపక్కల దీవులకన్నా పడమటగా ఉంటుందనీ అంటాడు. ఇప్పటి ఇథాకా అంతా కొండలు, దానికి పడమర కెఫలోనియా అడ్డంగా ఉంది. ట్రాయ్‌లో ష్లీమన్‌తో పనిచేసిన విల్హెల్మ్ డార్ప్‌ఫెల్డ్ అసలు ఇథాకా లెఫ్కడా దీవి అన్నాడు, ఏళ్ల తరబడి అక్కడే తవ్వాడు, సమాధి కూడా అక్కడే ఉంది. 2005లో రాబర్ట్ బిటిల్‌స్టోన్ కెఫలోనియాకి పడమర ఉన్న పాలికీ ద్వీపకల్పమే ఇథాకా అన్నాడు. మధ్యలో ఒకప్పుడు సముద్రపు పాయ ఉండేదనీ, భూకంపాలకి కొండచరియలు పడి పూడిపోయిందనీ ఆయన లెక్క. ప్రాచీన భూగోళ రచయిత స్ట్రాబో కూడా కెఫలోనియాలో ఒకచోట నేల ఎంత పల్లమంటే సముద్రం దాటిపోతుందని రాశాడు. లిక్సూరి గట్టు మీద నిలబడి చూస్తే పాలికీ నిజంగానే చదునుగా ఉంది, ద్రాక్షతోటలున్నాయి, మేకల దీవిలా మాత్రం లేదు.

బావ పాలికీ వైపు ఓటేశాడు. నేను వెయ్యలేదు. పటం మీద దిక్కుల కోసం టెలిమాకస్ మాటనీ, కోరాక్స్ కింది ఊటనీ, ఆ మొక్కుబడి ముక్కనీ వదులుకోలేను. హోమర్‌కి దిక్కులు పక్కా తెలిసుంటే ఆయన నావికుడయ్యేవాడు. పందుల దొడ్డి గోడ మాత్రం చూసినవాడిలాగే రాశాడు. అలాగే చివరి భాగంలో తోట. ముసలి తండ్రి లేయర్టీస్ అతుకుల బట్టలతో చెట్టుకి పాదు చేస్తుంటే, నమ్మకం కుదరడానికి కొడుకు చిన్నప్పుడు నాన్న తనకిచ్చిన చెట్లు చెబుతాడు: 13 బేరి, 10 ఆపిల్, 40 అత్తి, ద్రాక్ష వరసలు 50.

పోరోస్ రేవులో కిల్లీనీ ఓడ కోసం వరసలో ఉన్నప్పుడు బావ అడిగాడు. "మరి ఆ తర్వాత సుఖంగా ఉన్నారా?"

పూర్తిగా కాదు. మళ్లీ వెళ్లాలి. తెడ్డు ఒకటి భుజాన వేసుకుని, సముద్రమంటే తెలియని, కూరలో ఉప్పు వెయ్యని జనం ఉన్న చోటు దాకా నడవాలి. ఎవడో ఎదురొచ్చి ఆ తెడ్డుని చూసి, ధాన్యం తూర్పారబట్టే పార అనుకుని అడగాలి. అక్కడ దాన్ని నేలలో పాతి, సముద్రదేవుడు పొసైడాన్‌కి బలిచ్చి వెనక్కి రావాలి. ఇది తైరీసియస్ అనే గుడ్డి జోస్యుడి మాట. ఇరవై ఏళ్ల తర్వాత ఇద్దరూ కలిసిన రాత్రే పెనెలోపికి ఈ సంగతి చెప్పెయ్యాల్సి వస్తుంది, ఆవిడ వినందే పడుకోనంటుంది కాబట్టి.

"వచ్చిన రోజే మళ్లీ టూర్ ప్రోగ్రాం చెప్పాడా!" అన్నాడు బావ. అక్క ఆయన వైపు చూసి, ఆఫీసు వాళ్లు జులైలో పంపిస్తామన్న టూర్ సంగతి తనకెప్పుడు చెబుదామనుకున్నారని అడిగింది. ఓడ తలుపు దించారు, వెనక కార్లవాళ్లు హారన్ కొట్టారు.